పాట వెనుక కూర్చునే స్టీల్ గిటార్



ఈసారి ఏం రాస్తారని అడిగితే అందరూ "నీటి పొదుపు", "చెట్ల ఉపయోగాలు" అని పేర్లు ఇచ్చారు. నేను "స్టీల్ గిటార్" అని ఇచ్చాను. "అదేంది, స్టీలు గిన్నెల గురించా?" అని మా రూంలో నవ్వారు. అందుకే వివరంగా రాస్తున్నాను. కొంచెం పెద్దగా ఉంది, అయినా చివరి వరకు చదవండి. చివర్లో వార్డెన్ మేడమ్‌కు ఒక విన్నపం ఉంది.

సంగతి ఎట్లా మొదలైందంటే, ఫిజిక్స్ సార్ ధ్వని పాఠం చెప్పినప్పుడు కంప్యూటర్ రూంలో ఒక వీడియో చూపించారు. తీగను బిగిస్తే స్వరం పెరుగుతుంది అని చూపించడానికి. అందులో ఒకాయన బల్ల లాంటి దాని ముందు కూర్చున్నాడు. బల్ల మీద తీగలు ఉన్నాయి. చేతులతో వాయిస్తున్నాడు, కాలితో తొక్కుతున్నాడు, మోకాళ్లు అటూ ఇటూ జరుపుతున్నాడు. "కుట్టుమిషన్ తొక్కుతుండు" అని వెనుక బెంచీలో ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్విన. సార్ సౌండ్ పెంచారు. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. అచ్చం మా తాత కీక్రి లెక్కనే ఉంది ఆ శబ్దం.

ఆ తర్వాత మూడు ఆదివారాలు సార్‌ను అడిగి తెలుసుకున్నాను. ఇంగ్లీషులో ఉన్నది సార్ చదివి చెప్పారు, నేను నోట్సు రాసుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

స్టీల్ గిటార్ అంటే ఏమిటి?

మామూలు గిటార్ మీరంతా టీవీలో చూసే ఉంటారు. దాన్ని ఛాతీకి ఆనించి పట్టుకుంటారు. ఎడమ చేతి వేళ్లతో తీగను చెక్కకు అదిమి, కుడి చేత్తో మీటుతారు. చెక్క మీద సన్నని లోహపు గట్లు ఉంటాయి. అందుకని స్వరం మెట్టు మెట్టుగా మారుతుంది.

స్టీల్ గిటార్‌లో తీగను చెక్కకు అదమరు. ఎడమ చేతిలో నున్నటి ఉక్కు కడ్డీ పట్టుకొని తీగల మీద జారుస్తారు. స్టీల్ అనే పేరు ఆ కడ్డీ వల్ల వచ్చింది. గిటార్ మొత్తం స్టీలుతో చేసింది కాదు. ఇందులో స్వరం మెట్లు ఎక్కదు, వాగు నీళ్లు వాలు మీద జారినట్టు జారుతుంది. మనిషి గొంతు కూడా అట్లనే జారుతుంది కదా! అందుకే వింటే ఎవరో పాడుతున్నట్టు, ఒక్కోసారి ఏడుస్తున్నట్టు ఉంటుంది.

స్టీల్ గిటార్‌లో కొన్ని రకాలు ఉన్నాయి. ఒడిలో పెట్టుకొని వాయించేది ఒకటి. కాళ్ల మీద నిలబెట్టి, పెడల్స్ తొక్కుతూ వాయించేది ఇంకొకటి. దీన్ని పెడల్ స్టీల్ అంటారు. అమెరికాలో కంట్రీ మ్యూజిక్ స్టేజీల మీద ఎక్కువగా కనిపించేది ఇదే. దీనికి సాధారణంగా 10 తీగలు ఉంటాయి. వాయించేవాళ్లకు శరీరంలో ఖాళీగా ఉండే భాగం లేదు. చూడండి:

ఎడమ చేయి – ఉక్కు కడ్డీ జరుపుతుంది. దాని బరువు సుమారు 200 గ్రాములు.
కుడి చేయి – బొటనవేలికి ఒకటి, ఇంకో రెండు వేళ్లకు రెండు, ఇట్లా గోళ్ల లాంటివి తొడుక్కొని తీగలను మీటుతుంది.
ఎడమ పాదం – 3 పెడల్స్ తొక్కుతుంది.
రెండు మోకాళ్లు – బల్ల కింద వేలాడే 4 లేక 5 మీటలను పక్కకు నెడతాయి.
కుడి పాదం – శబ్దాన్ని పెంచి తగ్గించే పెడల్ మీద ఉంటుంది.

కుట్టుమిషన్ అన్నది తప్పేమీ కాదన్నమాట. మన టైలరింగ్ క్లాసులో చేయి ఒక పని, కాలు ఒక పని చేయడానికే ఎంత కష్టపడ్డామో గుర్తు చేసుకోండి.

ఇందులో ఉన్న సైన్సు

తీగ పొట్టిదైతే స్వరం పెరుగుతుంది. తీగ బిగిస్తే స్వరం పెరుగుతుంది. ఈ రెండు సూత్రాలు మన పాఠంలో ఉన్నాయి. పెడల్ స్టీల్‌లో రెండూ ఒకేసారి పనిచేస్తాయి.

కడ్డీ మొదటి సూత్రం. తీగ పొడవు సుమారు 24 అంగుళాలు ఉంటుంది. కడ్డీని సరిగ్గా సగంలో, అంటే 12వ గీత మీద పెడితే తీగ సగమై, అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. ఇక్కడ గీతలు ఊరికే గుర్తు కోసం గీసినవే, గట్లు కావు. కడ్డీ వెంట్రుకవాసి పక్కకు పోయినా అపశ్రుతి వస్తుంది.

పెడల్ రెండో సూత్రం. పెడల్ తొక్కితే కింద ఉన్న సన్నని కడ్డీలు లాగి కొన్ని తీగలను మాత్రమే బిగిస్తాయి, మిగతావి కదలవు. ఉదాహరణకు మూడు తీగలు స, గ, ప అని మోగుతున్నాయి అనుకోండి. రెండు పెడల్స్ తొక్కితే 'గ' పెరిగి 'మ' అవుతుంది, 'ప' పెరిగి 'ద' అవుతుంది. 'స' మాత్రం అక్కడే ఉంటుంది. స-గ-ప పోయి స-మ-ద వచ్చింది. ఒకటి నిలబడి ఉండగా రెండు దాని పక్క నుంచి పైకి పోతాయి. ఈ వాద్యంలో గుండె పిండినట్టు అనిపించేది ఇక్కడే అని సార్ చెప్పారు.

దీన్ని మొదలుపెట్టింది ఒక హాస్టల్ పిల్లవాడు

ఇది నాకు చాలా ఆశ్చర్యం అనిపించింది. పసిఫిక్ మహాసముద్రం నడుమ హవాయి అని దీవులు ఉన్నాయి. అక్కడి మూలవాసులు వాళ్ల రాజ్యంలో వాళ్లు ఉండేవాళ్లు. 1830ల ప్రాంతంలో పశువులను కాయడానికి మెక్సికో వైపు నుంచి వచ్చినవాళ్లు గిటార్లు తెచ్చారు. హవాయి వాళ్లు ఆ గిటార్‌ను తమ పాటకు తగినట్టు శ్రుతి మార్చుకున్నారు.

జోసెఫ్ కెకుకు అనే పిల్లవాడు అక్కడి లాయె అనే ఊళ్లో 1874లో పుట్టాడు. హోనొలులులో హవాయి మూలవాసుల పిల్లల కోసం పెట్టిన కమేహమేహ బాలుర పాఠశాలలో చదివాడు. అది మన లాంటి హాస్టల్ బడే. రైలు పట్టాల దగ్గర దొరికిన ఒక బోల్టును తీగల మీద జార్చి చూస్తే కొత్త శబ్దం వచ్చిందని ఒక కథ చెబుతారు. తర్వాత చాకు వీపుతో, దువ్వెనతో కూడా ప్రయత్నించాడట. చివరికి బడి వర్క్‌షాపులో ఉక్కు కడ్డీ చేసుకున్నాడని అంటారు. ఇట్లా వాయించే పద్ధతిని నిలబెట్టింది ఆయనే అని ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ఆ కాలంలోనే వాళ్ల రాజ్యం పోయింది. 1893లో రాణి లిలియుకలానిని గద్దె దించారు. 1896లో బడుల్లో చదువు ఇంగ్లీషులోనే జరగాలని చట్టం చేశారు. 1898లో అమెరికా ఆ దీవులను కలుపుకుంది. బడిలో వాళ్ల భాష పోయింది కానీ వాళ్ల గిటార్ మాత్రం దేశం దాటింది. కెకుకు 1904లో అమెరికా వెళ్లి ఊరూరా వాయించాడు, నేర్పించాడు. తర్వాత యూరప్‌లో కూడా వాయించాడు. 1932లో చనిపోయాడు. హవాయి భాషకు 1978లో అక్కడ మళ్లీ అధికార భాష హోదా వచ్చింది.

ఇది నోట్సులో రాసుకునేటప్పుడు నాకు ఆరో తరగతి గుర్తొచ్చింది. అప్పుడు తెలుగు సరిగా రాక, నోరు తెరిస్తే నవ్వుతారని చాలా రోజులు మాట్లాడకుండా కూర్చున్నాను.

కంట్రీ మ్యూజిక్‌లోకి ఎట్లా వచ్చింది?

కంట్రీ మ్యూజిక్ అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లె జనం పాటల్లోంచి పుట్టింది. కూలి పని, రైలు ప్రయాణం, ఇల్లు విడిచి పోవడం, ప్రేమ, తాగుడు, దేవుడు – ఇవన్నీ అందులో ఉంటాయి. తెల్లవాళ్ల ఫిడేలు పాటలు, నల్లవాళ్ల పాటలు రెండూ కలిసి అది తయారైంది. అందులో వాడే బాంజో అనే వాద్యం మూలం ఆఫ్రికాది.

1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శనలో హవాయి వాద్యకారులు వాయించారు. అక్కడి నుంచి అమెరికా అంతా ఆ శబ్దానికి మోజు పడింది. 1920ల చివర్లో జిమ్మీ రాడ్జర్స్ అనే కంట్రీ గాయకుడు తన రికార్డుల్లో స్టీల్ గిటార్ పెట్టించాడు. కానీ పెద్ద హాలులో, డాన్సు జరిగే చోట దాని శబ్దం వినపడేది కాదు. అందుకని జార్జ్ బ్యూచాంప్ అనే ఆయన కరెంటుతో పనిచేసే స్టీల్ గిటార్‌కు రూపం ఇచ్చాడు. అది 1932లో అమ్మకానికి వచ్చింది. చూడటానికి మన రొట్టెల పెనానికి పొడుగు పిడి పెట్టినట్టు ఉంటుంది. దాని ముద్దుపేరు కూడా 'పెనం' అనే అర్థం వచ్చేదే! 1935లో బాబ్ డన్ అనే ఆయన కరెంటు స్టీల్ గిటార్‌తో కంట్రీ బ్యాండులో రికార్డు చేశాడు.

తర్వాత హ్యాంక్ విలియమ్స్ అనే గొప్ప గాయకుడు వచ్చాడు. ఆయన వెనుక డాన్ హెల్మ్స్ అనే ఆయన పెడల్స్ లేని స్టీల్ వాయించేవాడు. హ్యాంక్ విలియమ్స్ 1953 జనవరి 1న చనిపోయాడు, అప్పటికి వయసు 29 ఏళ్లే.

అదే 1953 చివర్లో వెబ్ పియర్స్ అనే గాయకుడి పాటలో బడ్ ఐజాక్స్ ఒక కొత్త పని చేశాడు. తీగ మోగుతూ ఉండగానే పెడల్ తొక్కాడు. విన్నవాళ్లకు మతి పోయింది. ఒక స్వరంలోంచి ఇంకో స్వరం మొలిచినట్టు ఉంది. 1954లో ఆ పాట పెద్ద హిట్టయింది. స్టీల్ వాయించే వాళ్లందరూ తమ గిటార్లకు పెడల్స్ పెట్టుకోవడం మొదలుపెట్టారు. బడ్డీ ఎమన్స్ అనే ఆయన 1955లో 18 ఏళ్ల వయసులో నాష్‌విల్ నగరానికి వచ్చి, పెడల్స్ పనిని, తీగల అమరికను ఇంకా బాగుచేశాడు. ఇప్పటికీ చాలామంది ఆయన చూపిన దారిలోనే వాయిస్తున్నారు. ఆయన 2015లో చనిపోయాడు.

స్టేజీ మీద ఏం చేస్తారు?

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే స్టేజీ షో ఉంది. 1925లో రేడియో కార్యక్రమంగా మొదలై ఇంకా నడుస్తోంది. అక్కడ ఒకే రాత్రి చాలామంది గాయకులు వచ్చి రెండు మూడు పాటలు పాడి పోతారు. గాయకుడు ముందు నిలబడతాడు. వెనుక గిటార్లు, బేస్, డ్రమ్స్, ఫిడేలు, పియానో ఉంటాయి. ఒక పక్కన స్టీల్ వాయించేవాళ్లు కూర్చుంటారు.

వాళ్లు ముందుగా రావాలి. రెండు వరుసల తీగలున్న గిటార్ పెట్టెతో కలిపి సుమారు 30 కిలోలు ఉంటుంది. దాని కాళ్లు బిగించాలి, పెడల్స్ తగిలించాలి, కింద కడ్డీలు కొక్కేలకు వేయాలి. తర్వాత ప్రతి తీగనూ, ప్రతి పెడల్ తొక్కినప్పుడు వచ్చే స్వరాన్నీ వేరువేరుగా శ్రుతి చేయాలి. స్టేజీ లైట్ల వేడికి శ్రుతి మారిపోవచ్చు, కాబట్టి మళ్లీ చూసుకోవాలి. మూడో తీగ అన్నిటికంటే సన్నంగా ఉండి తొందరగా తెగుతుంది. దానికి ఇంకోటి దగ్గర పెట్టుకోవాలి.

తెలియని పాట వస్తే ఎట్లా? దానికి ఒక ఉపాయం ఉంది. స్వరాలకు అంకెలు పెట్టుకుంటారు. స అంటే 1, మ అంటే 4, ప అంటే 5. చాలా కంట్రీ పాటలు ఎక్కువగా ఈ 1, 4, 5 మీదనే నడుస్తాయి. గాయకుడి గొంతును బట్టి శ్రుతి పెంచినా తగ్గించినా అంకెలు మారవు. బ్యాండు నాయకుడు వేళ్లు ఎత్తి చూపితే చాలు, అందరూ అటు పోతారు. నాష్‌విల్‌లో ఈ అంకెల పద్ధతిని 1950ల చివర్లో నీల్ మాథ్యూస్ అనే గాయకుడు మొదలుపెట్టాడు.

ఇక పాట మొదలైతే స్టీల్ వాయించేవాళ్ల పని ఇట్లా ఉంటుంది:

1. ఎత్తుగడ. చాలాసార్లు మొదటి నాలుగు తాళాల రాగం స్టీల్‌దే. అది వినగానే ఏ పాటో జనానికి తెలిసిపోతుంది.
2. గాయకుడు నోరు తెరవగానే చేయి ఆపాలి, లేదా బాగా తగ్గించాలి. మాట మీద వాద్యం పడకూడదు.
3. గాయకుడు ఊపిరి తీసుకునే ఆ చిన్న సందులో రెండు మూడు స్వరాలు పలికించాలి. పాడినవాడు చెప్పిన మాటకు "ఊఁ" కొట్టినట్టు ఉండాలి.
4. ఫిడేలు కూడా ఉంటే వంతులు వేసుకోవాలి. ఒక చరణంలో ఇది, ఒక చరణంలో అది. ఇద్దరూ ఒకేసారి దూరితే అంగడి గోల అవుతుంది.
5. మధ్యలో ఒక్కసారి స్టీల్‌కు పూర్తిగా వదిలేస్తారు. అప్పుడు గాయకుడు పక్కకు జరుగుతాడు. అర నిమిషం లోపలే అయిపోతుంది. అందులోనే తన మాట చెప్పుకోవాలి.
6. మళ్లీ వెనక్కి రావాలి. ఇదే అన్నిటికంటే కష్టం అని నాకు అనిపించింది.

కుడి పాదం పని కూడా చెప్పాలి. తీగ మీటగానే శబ్దం పుట్టి మెల్లగా తగ్గిపోతుంది. అది తగ్గే కొద్దీ పాదంతో పెంచుతూ పోతే స్వరం తగ్గకుండా అట్లనే నిలబడుతుంది. పొయ్యిలో కట్టె కాలుతున్న కొద్దీ లోపలికి నెడతాం కదా, అట్లా. ఇంకా, అక్కరలేని తీగలు మోగకుండా కుడి అరచేయి అంచుతో వెంట వెంటనే ఆపుతుండాలి. అంటే మోగించడం ఎంత పనో, ఆపడం కూడా అంతే పని.

షో అయిపోయాక చప్పట్లు ఎక్కువగా గాయకుడికే. అందరూ ఇంటికి పోతుంటే స్టీల్ వాయించినవాళ్లు ఇంకా కాళ్లు విప్పుతూ ఉంటారు.

ఆడపిల్లలు వాయిస్తారా?

ఈ ప్రశ్న నేనే సార్‌ను అడిగాను. స్టేజీల మీద ఎక్కువగా మగవాళ్లే కనిపిస్తారు. కానీ బార్బరా మాండ్రెల్ అనే అమ్మాయి ఉంది. 1948లో పుట్టింది. 1960లో, 11 ఏళ్ల వయసులో, షికాగోలో వాద్యాల వ్యాపారుల సమావేశంలో స్టీల్ గిటార్ వాయించి చూపించింది. 1962లో 13 ఏళ్లకే జానీ క్యాష్ అనే పెద్ద గాయకుడి బృందంతో ఊరూరా షోలకు తిరిగింది. తర్వాత పెద్ద గాయని అయింది. 1980, 1981 రెండేళ్లు వరుసగా కంట్రీ మ్యూజిక్ సంఘం వాళ్ల పెద్ద అవార్డు ఆమెకే ఇచ్చారు. 13 ఏళ్లంటే మన ఎనిమిదో తరగతి వయసు!

మన దేశంలో

తీగ మీద జార్చి వాయించడం మనకు కొత్త కాదు. దక్షిణాదిలో గోటువాద్యం ఉంది. వీణ లాంటి దాని మీద చెక్క ముక్కను జార్చి వాయిస్తారు. హవాయి నుంచి టావ్ మో అనే వాద్యకారుడు వచ్చి 1940లలో కొన్నేళ్లు కలకత్తాలో ఉన్నాడు. పాత హిందీ సినిమా పాటల్లో కూడా ఈ గిటార్ వినిపిస్తుంది. విశ్వమోహన్ భట్ గారు గిటార్‌ను మార్చి మోహనవీణ చేశారు. ఆయనకు 1994లో గ్రామీ అవార్డు వచ్చింది.

మా ప్రధానోళ్లకు కీక్రి ఉంది. మూడు తీగలు, ఒక కమాను. ఇందులో కూడా గట్లు లేవు, వేలు జారుతుంది. మా తాత గోండుల ఇండ్లకు పోయి కీక్రి పట్టుకొని వాళ్ల దేవతల కథలు, వంశాల కథలు రాత్రంతా పాడేవాడు. దసరాకు ఇంటికి పోయినప్పుడు తాతకు ఈ స్టీల్ గిటార్ సంగతంతా చెప్పిన. కాళ్లతో తొక్కుతారంటే నమ్మలేదు. మాట మీద వాద్యం పడొద్దు అని వాళ్లు నేర్పుతారంటే మాత్రం, "గది నిజం. కీక్రి ముందట పోవద్దు, మాట ఎన్కనే పోవాలె" అన్నడు.

ఇప్పుడు ఒక సంగతి ఒప్పుకోవాలి. పోయిన ఏడాది తాత నన్ను చూడటానికి హాస్టల్‌కు వచ్చిండు. ఎక్కడో పాడి అటు నుంచి అటే వచ్చిండు, భుజానికి సంచి ఉంది. "మీ తాత సంచిలో ఏముంది?" అని గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు అడిగారు. నేను "గొడుగు" అని చెప్పిన. తాత విన్నడు. ఏమీ అనలేదు. సంచిని ఇంకో భుజానికి మార్చుకున్నడు. అది కీక్రి. ఎవరు అడిగారో వాళ్లు ఇది చదువుతుంటే, అది గొడుగు కాదు.

తాతకు ఇప్పుడు వేళ్లు వణుకుతున్నాయి. మా నాన్న నేర్చుకోలేదు. ఆడపిల్లలు కీక్రి పట్టరని మా ఊళ్లో అంటారు. ఈ దసరాకు తాతను అడిగిన. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కమాను నా చేతిలో పెట్టిండు. నేను లాగితే తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది. తాత నవ్విండు, తీసుకోలేదు.

వార్డెన్ మేడమ్ గారికి విన్నపం: సంక్రాంతి సెలవుల తర్వాత కీక్రిని హాస్టల్‌కు తెచ్చుకోవడానికి అనుమతి ఇవ్వండి. సాయంత్రం ఆటల గంటలో అరగంట మాత్రమే, నీళ్ల ట్యాంకు వెనుక కూర్చొని నేర్చుకుంటాను. స్టడీ అవర్‌లో ముట్టను. పదో తరగతి అక్కల చదువుకు అడ్డం రాను. వార్షికోత్సవంలో నన్ను ముందు నిలబెట్టమని అడగను. ఎవరు పాడినా వాళ్ల వెనుక కూర్చుంటాను.

వ్యాసంలో తప్పులు ఉంటే పెద్దలు దిద్దగలరు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి